సిబిల్ సాకు చెప్పి గుమ్మం నుంచే గెంటేస్తారా?

కిరాయి ఇళ్ళల్లో నలిగిపోతున్న అన్నలారా, అక్కలారా!

సొంతిల్లు కావాలని బ్యాంకు మెట్లెక్కితే మొదటి ప్రశ్న ఏంటి? "మీ సిబిల్ ఎంత?" ఆటో నడిపే అన్నకు అదే ప్రశ్న. బట్టలు కుట్టే అక్కకు అదే ప్రశ్న. పదేళ్ళుగా ఒక్క నెల కిరాయి ఆపని మనిషికీ అదే ప్రశ్న! మన పాత అప్పుల చిట్టా చూసి సిబిల్ కంపెనీ వేసే స్కోరు అది, 300 నుంచి 900 దాకా ఏదో ఒక అంకె. 750 దాటిందా, కుర్చీ వేస్తారు. 600 దగ్గరుందా, "సిస్టమ్ తీసుకోవట్లేదండీ" అంటారు. ఇంకో మాటుండదు.

మనం కట్టిన కిరాయి ఆ సిబిల్ రిపోర్టులో ఉందా? మామూలుగా ఉండదు! మరి ఏముంటుంది? ఫ్రిజ్జు కిస్తీ ఉంటుంది!

ఆ ఫ్రిజ్జు సంగతే చూడండి. "సున్నా వడ్డీ" అని షాపులో అంటగట్టారు. కిస్తీ ఐదో తారీఖున. జీతం పడింది ఏడో తారీఖున. ఖాతాలో డబ్బుల్లేవు, బౌన్స్! ఫైనాన్స్ కంపెనీ జరిమానా వేసింది. బ్యాంకు కూడా కోసింది, దాని మీద జీఎస్టీ. తిప్పలుపడి కిస్తీ కట్టేశాం. జరిమానా తాలూకు నాలుగైదు వందలు మిగిలాయని ఎవరైనా ఫోను చేశారా? లేదు! లోన్ ఖాతా మూయలేదు. నెలనెలా "బాకీ, బాకీ" అని రాసుకుంటూ పోయారు. మూడేళ్ళ తర్వాత ఇంటి లోనుకు వెళ్తే ఆ నాలుగైదు వందలు అడ్డం పడ్డాయి!

ఇంకా ఎన్ని! మాల్‌లో చేతిలో పెట్టిన క్రెడిట్ కార్డు. ఒక్కసారి కూడా గీకలేదు, అయినా ఏటా ఫీజు, ఆ ఫీజుకు వడ్డీ. రుణమాఫీ వస్తుందన్నారని కట్టకుండా ఆగిన పంట అప్పు. బామ్మర్దికి షూరిటీగా పెట్టిన ఒక్క సంతకం. మనం ఎన్నడూ తీసుకోని యాప్ లోను, మన పాన్ నంబరు మీద! రికవరీ వాడు వచ్చి "సగం కట్టన్నా, సెటిల్ చేస్తాం" అన్నాడు. పుస్తెలు కుదువబెట్టి కట్టాం. పీడ పోయిందనుకున్నాం. రిపోర్టులో "సెటిల్డ్" అని పడితే తర్వాత ఇల్లు అడిగినప్పుడు అదే మచ్చ అవుతుందని వాడు చెప్పాడా?

అప్పిచ్చేవాడు తిరిగి వస్తుందో లేదో చూసుకోవద్దని మేం అనట్లేదు. చూసుకోండి! కానీ తప్పుల తడక కాగితం ముందేసుకుని, మా మొహం చూడకుండా, మా కష్టం అడగకుండా పొమ్మంటారా?

బ్యాంకు పొమ్మంటే ఏమవుతుంది? ప్రైవేటు ఫైనాన్స్ వాడి గడప తొక్కుతాం. లెక్క వేయండి. 20 లక్షల లోను, ఇరవై ఏళ్ళు. 8.5 శాతం వడ్డీకైతే నెలకు 17,356 రూపాయలు. 12 శాతానికైతే 22,022! నెలకు 4,666 ఎక్కువ. ఇరవై ఏళ్ళలో 11 లక్షలు దాటిపోతుంది! అది పిల్లదాని ఇంజనీరింగ్ ఫీజు. అమ్మ మోకాలి ఆపరేషన్. ఉన్నోడికి తక్కువ వడ్డీ, లేనోడికి ఎక్కువ వడ్డీ! ఇదేం న్యాయం?

ఆ లోను కూడా రాలేదనుకోండి. అప్పటికే ఇచ్చిన అడ్వాన్సు గోవిందా! చీటీ పాడిన డబ్బు, ఊళ్ళో గుంట భూమి అమ్మిన డబ్బు. ఇలా పోగొట్టుకున్నవాళ్ళు మీ వీధిలోనే ఉంటారు, సిగ్గుతో నోరు మెదపరు. సిగ్గెందుకు? పడాల్సింది మనమా?

వినండి. ఇవి బ్యాంకు గోడమీద ఎవరూ అంటించరు!

ఇంత స్కోరు ఉంటేనే లోను ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఎక్కడా అనలేదు. అసలు ఇంతకుముందు అప్పే తీసుకోనివాళ్ళను, చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తిప్పి పంపొద్దని కూడా చెప్పింది. 2025 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ పార్లమెంటులో ఇదే మాట చెప్పింది. లోను ఇవ్వకపోతే కారణం రాసి ఇవ్వాలి. అడగండి! నోటిమాట వద్దు, కాగితం మీద అడగండి!

సిబిల్ ఒక్కటే కాదు, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని ఇంకో మూడు కంపెనీలున్నాయి. నాలుగూ ఏడాదికోసారి మన పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాల్సిందే. పైసా కట్టొద్దు!

అందులో తప్పుందా? బ్యాంకుకో ఆ కంపెనీకో ఫిర్యాదు పెట్టండి, నంబరు తీసుకోండి. 30 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోతే 31వ రోజు నుంచి రోజుకు 100 రూపాయలు మనకే కట్టాలి! 2024 ఏప్రిల్ 26 నుంచి ఈ రూలు అమల్లో ఉంది. అడిగినవాళ్ళెందరు? అడగం కాబట్టే వాళ్ళకు ధీమా! అప్పటికీ కదలకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నాడు. ఖర్చు లేదు, వకీలు అక్కర్లేదు. 14448కి ఫోను చేస్తే ఎలా పెట్టాలో చెప్తారు.

"ఐదు వేలివ్వండి, వారంలో స్కోరు పెంచేస్తా" అనేవాడు మీ గల్లీకి వస్తాడు. నమ్మకండి! నిజమైన బాకీని ఎవడూ తుడిచేయలేడు. తప్పుడు బాకీని దిద్దించడానికి వాడు అక్కర్లేదు. ఒకేసారి ఐదారు బ్యాంకుల్లో మీ పేరు మీద అప్లికేషన్ పడేసే ఏజెంటునూ ఆపండి. వాడు కొట్టే ప్రతి ఎంక్వైరీకీ స్కోరు ఇంకాస్త జారొచ్చు.

అన్నిటికంటే ముఖ్యం, రిపోర్టు చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి! "లోను రాకపోతే అడ్వాన్సు వాపసు" అని అగ్రిమెంటులో రాయించండి. రాయనంటే వచ్చేయండి! కొత్త అపార్ట్‌మెంటు బిల్డరైతే, రిజిస్టర్ చేసిన అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. 2016 రెరా చట్టం 13వ సెక్షన్. ఆ నంబరు బిల్డరు మొహం మీదే చెప్పండి!

ఒక్కరు వెళ్తే "మేనేజర్ లేడు" అంటారు. ఇరవై మంది ఇరవై ఫిర్యాదులతో వెళ్తే ఉంటాడు!

ఆదివారం పొద్దున పది గంటలకు కాలనీ కమ్యూనిటీ హాలుకు రండి. పాన్ కార్డు, ఆధార్‌కు లింకైన ఫోను, పాత లోన్ల రసీదులు, బాకీ లేదని ఇచ్చిన కాగితాలు (ఎన్‌ఓసీలు) ఏవుంటే అవి తీసుకురండి. ఫోను చూడటం రాకపోతే మన కాలేజీ పిల్లలు కూర్చుని రిపోర్టు తీసిపెడతారు. ఫిర్యాదులు అక్కడే రాద్దాం. సోమవారం అందరం కలిసి బ్యాంకుకు వెళ్దాం. ఈ కాగితం చదివాక పారేయకండి, పక్క పోర్షన్ వాళ్ళకివ్వండి!

ఇట్లు,
మీ పక్కింటి కిరాయిదారులు