కుక్కగారి మోకాలు

"ఒరేయ్, మనుషుల మోకాళ్ళకే దిక్కు లేదు, కుక్క మోకాలికి ఆపరేషనా? అదీ ఐదువేల డాలర్లు పెట్టి?" అని ఫోన్లో మా బాబాయి ఉవాచ. ఇక్కడి తెలుగు మిత్రులు ఇంత బాహాటంగా అనరు గానీ, పాట్‌లక్కుల్లో వాళ్ళు చూసే చూపుకి అర్థం కూడా అదే. నా గొడవ మాత్రం వేరు. ఐదువేలు పెట్టాలా వద్దా అనేది రెండో ప్రశ్న. నొప్పి ఏ కీల్లో ఉందో తేల్చకుండా రెండు నెలలు మాత్రలు మింగించారే, ఆ డబ్బూ ఆ మూగజీవి పడ్డ బాధా ఎవరి ఖాతాలో రాయాలి?

ముందు ఒక చిన్న సంగతి. కుక్క వెనక కాలు చూసి మోకాలు వెనక్కి వంగిందనుకుంటారు చాలామంది. అది చీలమండ. అసలు మోకాలు ఇంకా పైన, పొట్ట పక్కన దాక్కుని, మనకి లాగే ముందుకే చూస్తుంటుంది. పశువైద్యులు దాన్ని స్టైఫిల్ అంటారు. లోపల సరంజామా అంతా మనదే: చిప్ప, రెండు మెత్తలు, అడ్డదిడ్డంగా పెనవేసుకున్న రెండు లిగమెంట్లు. ఫుట్‌బాల్ ఆటగాళ్ళు తెంపుకుంటారే, ఏసీయల్, దాదాపు అలాంటిదే కుక్కకీ ఉంది. ఆటగాడికి ఒక్క దెబ్బతో పుటుక్కుమంటుంది. కుక్కకి చాలావరకు నూతి చేదకి కట్టిన పాత తాడులా పోగు పోగుగా నలిగి తెగుతుంది. అందుకే ఒక కాలు పోయిన కుక్కకి రెండో కాలూ పోయే అవకాశం ఇంచుమించు సగానికి సగం.

మా ఇంట్లో శాల్తీ ఏడేళ్ళ లాబ్రడార్. మొదట వెళ్ళిన క్లినిక్కులో ఎక్స్‌రే తీసి, తుంటి అరిగిపోయిందన్నారు. అరిగిన మాట నిజమే, ఫిల్ములో కనపడుతూనే ఉంది. కానీ కుంటడానికి కారణం అదేనా? లాగ్ ఫైల్లో ఎర్రగా కనపడ్డ మొదటి లైను పట్టుకుని "ఇదే బగ్గు" అని టిక్కెట్టు మూసేసే కుర్రాణ్ణి మనం ఊరుకుంటామా? తుంటి పేరుతో మందులు వాడిన కుక్కల్లో చాలావాటికి అసలు జబ్బు మోకాల్లో ఉంటుందని ఎముకల డాక్టర్లు నెత్తీ నోరూ కొట్టుకుని చెబుతూనే ఉన్నారు.

రెండో డాక్టరమ్మ అసలు ఫిల్ము వైపే చూడలేదు. వాణ్ణి నడిపించి చూసింది. కూర్చోమంది. వాడు ఎడమ కాలు మడవకుండా పక్కకి చాపి కూర్చున్నాడు. వెనక నుంచి రెండు మోకాళ్ళూ ఒకేసారి తడిమింది. ఎడమదానికి లోపలి వైపు గట్టిగా బొడిపెలా తగిలింది. తర్వాత మత్తిచ్చి, ఒక చేత్తో తొడ ఎముక, ఇంకో చేత్తో కింది ఎముక పట్టుకుని ముందుకి లాగితే, బల్ల సొరుగులా జరిగింది. రెండు నిమిషాల పని! ఎక్స్‌రే ఆ తర్వాతే. అందులోనూ లిగమెంటు కనపడదు, కీలులో వాపూ అరుగుదలా తెలుస్తాయంతే. సగమే తెగితే సొరుగు కదలకపోవచ్చు కూడా, కాబట్టి కదల్లేదని కొట్టిపారెయ్యకూడదు.

ఇహ ఆపరేషన్. కుక్క కింది ఎముక పైభాగం సుమారు 25 డిగ్రీలు వాలుగా ఉంటుంది. అడుగు వేసినప్పుడల్లా తొడ ఎముక ఆ వాలు మీద జారబోతే ఆపేది ఈ లిగమెంటే. ఆరెగాన్‌లో బార్‌క్లే స్లోకమ్ అనే పశువైద్యుడు, తెగినదాన్ని అతికించే బదులు ఎముకనే వంపుగా కోసి, తిప్పి, ఆ వాలు 5 డిగ్రీలకి దించి, ప్లేటు వేసే పద్ధతి కనిపెట్టి 1993లో ప్రచురించాడు. టీపీఎల్‌వో అంటారు. చెడిన భాగంతో అసలు అవసరమే లేకుండా చేశాడన్నమాట. నాబోటి వాడికి దండం పెట్టాలనిపిస్తుంది.

అలాగని ప్రతి కుక్కకీ కత్తే అంటే నేనొప్పుకోను. 1984 నాటి ఒక అధ్యయనంలో ఆపరేషన్ లేకుండానే 15 కిలోల లోపు కుక్కల్లో 85 శాతం పైగా ఆరు నెలల్లో కుదుటపడ్డాయి. అంతకన్నా బరువైనవి ఇరవై శాతం కూడా లేవు. మావాడు 36 కిలోలు కాబట్టి ఆపరేషన్ చేయించాం. మీది ఆరు కిలోల కుక్కపిల్లయితే ఐదువేలు తీసే ముందు ఆ లెక్క అడగండి.

మన ఊళ్ళలో ఇంటింటా ఉండే పొమరేనియన్ల తంతు మళ్ళీ వేరు. నాలుగడుగులు మామూలుగా వేసి, రెండడుగులు కాలెత్తి గెంతి, మళ్ళీ మామూలుగా నడిస్తే అది ముద్దు నడక కాకపోవచ్చు, చిప్ప పక్కకి జారుతుండవచ్చు. దాన్నీ చేత్తోనే నాలుగు గ్రేడుల్లో తేలుస్తారు. మొదటి గ్రేడుకి సాధారణంగా కత్తి అక్కర్లేదు.

గుర్రాలు నిలబడి నిద్రపోయేది మోకాలి చిప్పని కొక్కానికి తగిలించినట్టు తగిలించుకునే. ఆ కొక్కెం ఊడకపోతే కాలు వెనక్కి బిగుసుకుపోతుంది. మన ఎద్దులకీ గేదెలకీ ఇదే వస్తుంది: కాలు కొయ్యబారి, నేల మీద ఈడ్చి, ఒక్క కుదుపుతో ముందుకి పడుతుంది. మన పశువుల డాక్టర్లు చర్మానికి చిన్న గాటు పెట్టి, లోపలి వైపు లిగమెంటు తెంపి, కాసేపట్లో నడిపించేస్తారు. గుర్రానికి అదే గాటు ఆఖరి మార్గం. తర్వాత చిప్ప అంచులు పెచ్చులూడే ప్రమాదం ఉంది కనక, వయసులో ఉన్న గుర్రానికైతే ముందు వ్యాయామంతో తొడకండ పెంచుతారు.

అన్నట్టు, పిల్లి కుంటుతోందని పొరపాటున కూడా క్రోసినో టైలనాలో ఇవ్వకండి. ఒక్క మాత్ర చాలు దాని ప్రాణం తీయడానికి. కుక్కకి ఆడ్విల్ కూడా వద్దు.

ఇంకోటి. ఇక్కడి పెట్ ఇన్సూరెన్స్ పాలసీలు చాలావాటిలో, ఒక మోకాలికి జబ్బని రికార్డుల్లోకెక్కాక పాలసీ తీసుకుంటే, రెండోదాన్నీ పాత జబ్బు కిందే లెక్కేస్తారు. మావాడి కుడి మోకాలు గురించి నిన్న రాత్రి మా పాలసీ కాగితాలు తిరగేశాను. ఆ వాక్యం పధ్నాలుగో పేజీలో, చిన్న అక్షరాల్లో ఉంది.