చేసిన చేతికే లేబుల్: తీరపు బట్టల ఉద్యమ ప్రణాళిక

విశాఖలో ఋషికొండ తీరాన బోర్డెక్కి కెరటాల మీద సర్ఫింగ్ చేసే యువత కనిపిస్తోంది. వాళ్ల ఒంటిమీది చొక్కా, నిక్కరు ఎవరు కుట్టారో, గుడ్డ ఎవరు నేశారో లేబుల్ మీద ఉండదు. కంపెనీ గుర్తు మాత్రం పెద్దగా ఉంటుంది. ఈ తీరు మారాలని నేతగాళ్లం, అద్దకం పనివాళ్లం, దర్జీలం, సర్ఫర్లం ఒక్కటై ఈ ప్రణాళికను ప్రకటిస్తున్నాం.

మా మూలాలు

సర్ఫింగ్ దుస్తులకు ప్రాణం పోసింది చిన్న దుకాణాల చేతిపనివాళ్లు. 1930లలో హొనొలులులో ఎల్లరీ చున్ మిగిలిపోయిన కిమోనో గుడ్డతో రంగురంగుల చొక్కాలు కుట్టించి అమ్మాడు. అలోహా చొక్కా అనే ఆ రకానికి పేరు తెచ్చినవాళ్లలో ఆయన ఒకరు. 1950లలో హవాయిలోని వయానేలో నీయి అనే దర్జీ దుకాణం మకాహా తీరపు కెరటాలెక్కే కుర్రాళ్లకు కొలతలు తీసుకుని నిక్కర్లు కుట్టింది. కాలిఫోర్నియాలో పడవలకు కాన్వాసు ముసుగులు కుట్టే వాల్టర్, నాన్సీ కాటిన్ దంపతులు అదే గుడ్డతో సర్ఫర్లకు నిక్కర్లు చేశారు. 1961లో కేరీ బర్డ్‌వెల్ మాన్ ఇంట్లోనే సర్ఫర్ల నిక్కర్లు కుట్టడం మొదలుపెట్టింది. బోర్డు రాపిడికి చిరగని గుడ్డ, అల లాగినా జారని నాడా, ఉప్పునీళ్లకు విడిపోని కుట్టు కావాలని ఆటగాళ్లు అడిగారు. దర్జీలు విని చేసిచ్చారు.

వాడేవాళ్ల అవసరానికి తగ్గట్టు చేసివ్వడం మన తీరానికీ పాతదే. చీరాల నేతగాళ్లు నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, ఆరబెట్టి తేలియా రుమాళ్లు నేశారు. దానివల్ల ఎరుపు గట్టిగా పట్టేది, బట్ట మెత్తబడేది. జాలర్లు వాటిని తలపాగాలుగా, లుంగీలుగా కట్టుకున్నారు. ఆ రుమాళ్లు ఓడలెక్కి అరబ్బు దేశాలకూ వెళ్లాయి. ఆ విద్య ఇప్పుడు తెలంగాణలోని పుట్టపాకలో బతికి ఉంది.

పొందూరులో ఆడవాళ్లు వాలుగ చేప దవడతో పత్తి దువ్వి సన్నని నూలు వడుకుతారు. ఉక్కపోత తీరానికి అంతకన్నా హాయైన గుడ్డ మాకు తెలియదు. పెడన కలంకారీలో ఒకరు టేకు చెక్కలో అచ్చు చెక్కుతారు, మరొకరు అద్దుతారు. కరక్కాయ, గేదెపాలలో తడిపిన బట్ట మీద, తుప్పు ఇనుము, బెల్లం ఊరబెట్టి చేసిన నలుపు పడుతుంది. ఇంత పనితనం పక్కనే ఉండగా తాటిచెట్టు, సూర్యాస్తమయం బొమ్మలను దూరదేశాల నుంచి అరువు తెచ్చుకోవలసిన పనిలేదు.

మా హామీలు

1. ప్రతి బట్ట మీదా నేసిన, అద్దిన, కుట్టిన వారి పేర్లు, ఊళ్లు వాళ్ల అనుమతితో ఉంటాయి.

2. ముందు కూలి ఖాయం చేస్తాం, తర్వాతే అమ్మకం ధర. పని మొదలయ్యేనాటికి బయానా చేతికందుతుంది. మేం ఆర్డరు రద్దు చేసుకున్నా, చేసిన పనికి డబ్బు పూర్తిగా చెల్లిస్తాం.

3. అచ్చు చెక్కినవారికి ఆ డిజైను మళ్లీ వాడిన ప్రతిసారీ వాటా వెళుతుంది.

4. స్క్రీన్ ప్రింటును కలంకారీ అని, మరమగ్గం గుడ్డను చేనేత అని అమ్మం. చేనేత నూలు తడిస్తే బరువెక్కుతుంది, ఆలస్యంగా ఆరుతుంది. అందుకే దాన్ని చొక్కాలకు, లుంగీలకు, తువ్వాళ్లకు వాడతాం. నీళ్లలో దిగే నిక్కర్లకు వేరే గుడ్డ వాడితే అదేమిటో రాస్తాం.

5. మా దగ్గర కొన్న బట్ట చిరిగితే, కుట్టడానికి వీలున్నంతకాలం ఉచితంగా కుట్టిస్తాం.

6. జాలరి పేటల వాళ్లకు తెప్ప మీద కెరటం దాటడం తరాలుగా తెలుసు. వాళ్ల మాట విన్నాకే నమూనా ఖాయమవుతుంది. ఆ సలహాకు డబ్బు ఇస్తాం. 

7. అద్దకపు రంగునీళ్లు శుద్ధి కాకుండా కాలువలో కలవనివ్వం.

మా పిలుపు

మగ్గం ఉన్నవాళ్లు రండి. అచ్చులు చెక్కేవాళ్లు, కుట్టుమిషను తొక్కేవాళ్లు రండి. సర్ఫర్లారా, మీ ఒంటికీ ఆటకూ ఏం కావాలో మాకు నేరుగా చెప్పండి. ఈ హామీల మీద సంతకం పెట్టేవాళ్లెవరైనా, వాళ్లు మాకు పోటీదారులైనా సరే, ఈ ఉద్యమంలో మాతో సమానం. కొనేవాళ్లారా, మా బట్టనే ముందు తిరగేసి చూడండి. పేరు లేకపోయినా, కూలి ఎగ్గొట్టామని తెలిసినా నలుగురిలో నిలదీయండి. జవాబు చెప్పే బాధ్యత మాది.