బజారు మెరవాలె, బతుకు చెదరొద్దు

పాత నగరాన్ని బాగుచేస్తామన్న మాట వినపడితే చాలు, తోపుడుబండి గుండెల్లో దడ పుడుతుంది. చార్మినార్ చుట్టూ వాహనాలు ఆపి కాలిబాట వేయాలన్న పథకం ఉమ్మడి రాష్ట్రంలోనే పుట్టింది. బాట కావాలె, కాదనేదెవరు? అది ఎవరి పొట్ట మీదుగా పోతుందన్నదే ప్రశ్న.

1908 మూసీ వరద తర్వాత, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ పత్తర్‌గట్టిని కట్టింది. కింద దుకాణాలు, పైన ఇండ్లు, నడిచేవారికి రాతి కమాన్ల నీడ. బజారంటే ఇవన్నీ కలిసి ఉండాలని ఆనాడే తెలుసు. 1935 నాటి మొజంజాహి మార్కెట్‌ను బాగుచేసి 2020లో తెరిచారు. సంతోషమే. రాయికి దక్కిన శ్రద్ధ మనిషికీ దక్కాలె.

2014 వీధి వ్యాపారుల చట్టం ఏమంటోంది? సర్వే చేసి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ లేపరాదు. పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం వీధి వ్యాపారులుండాలె. 50 ఏండ్లు దాటిన సహజ అంగళ్లను వారసత్వ అంగళ్లుగా ప్రకటించాలె, అక్కడివారిని తరలించరాదు. ఈ చట్టాన్ని పక్కనబెట్టి చేసేది అభివృద్ధి కాదు, దౌర్జన్యం.

లాడ్‌బజార్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గాజు చేసే చేతికి కూలి పెరగకుంటే ఆ గుర్తింపు గోడకు వేలాడే కాగితమే.

మేమడిగేది గొంతెమ్మ కోరికలు కావు. బండికి జాగ, ఆడవాళ్లకు మరుగుదొడ్డి, తాగునీళ్లు, రోజూ చెత్త ఎత్తే ఏర్పాటు, ప్రణాళిక గీసేటప్పుడు వ్యాపారికి కుర్చీ. ఉద్యమంలో బందుకు పిలుపిస్తే షట్టరు దించి, ఆనాటి గల్లా ఖాళీగా ఉంచుకున్నది ఈ చిన్న వ్యాపారులే. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. వాళ్ల బాకీ తీర్చకుండా బజారుకు రంగులేస్తే చూస్తూ ఊరుకోం. విద్యార్థులారా, ఉద్యోగులారా, రేపు వాళ్ల పక్కన నిలబడాల్సింది మనమే!