అణువు తయారీ పాఠం కావాలి

ఫలానా రసాయన చర్యకు ఎవరి పేరుందో అడిగితే మన ఇంటర్ విద్యార్థి తడుముకోకుండా చెబుతాడు. నొప్పికి తాను మింగే మాత్ర ఏ ముడిసరుకు నుంచి ఎన్ని దశల్లో తయారైందంటే నోరు మెదపలేడు. తప్పు అతనిది కాదు. ప్రవేశ పరీక్ష అడిగిందే చదువని నేర్పిన మనది. పనికొచ్చే అణువును రూపొందించడం, తయారుచేయడం ఇంటర్ నుంచే పాఠ్యాంశం కావాలి.

ఇబుప్రొఫెన్‌నే తీసుకుందాం. 1960లలో బూట్స్ కంపెనీ రూపొందించిన తొలి పద్ధతిలో ఆరు దశలు. వాడిన రసాయనాల్లోని పరమాణువుల బరువులో దాదాపు 40 శాతమే మందులోకి చేరేది. తర్వాత వచ్చిన మూడు దశల పద్ధతితో 1992లో అమెరికాలోని టెక్సస్‌లో కర్మాగారం మొదలైంది. ఆ వాటా 77 శాతానికి పెరిగింది. మందు అదే, దారి మారింది. మోల్ లెక్క, ఉత్ప్రేరకం, కాలుష్యం మూడూ ఈ ఒక్క కథలోనే ఉన్నాయి. కావలసిన అణువు నుంచి ముడిసరుకు దాకా వెనక్కి ఆలోచించే పద్ధతికి రూపమిచ్చిన ఇ.జె. కోరీకి 1990లో నోబెల్ వచ్చింది. దాన్ని నేర్పడానికి నల్లబల్ల, సుద్దముక్క చాలు. ల్యాబులు లేవన్న సాకు ఇక్కడ చెల్లదు.

తయారీ పాఠం ప్రాణాలకు సంబంధించింది కూడా. గాజు కుప్పె కంటే కొలతలన్నీ పదింతలున్న రియాక్టర్‌లో సరుకు వెయ్యింతలు పడుతుంది. వేడి బయటికి పోయే గోడల వైశాల్యం మాత్రం వందింతలే పెరుగుతుంది. కుప్పెలో నెమ్మదిగా సాగిన చర్య ప్లాంటులో అదుపు తప్పేది అందుకే. ప్రమాదం చర్య వల్లే రానక్కర్లేదు. 2024 ఆగస్టులో అచ్యుతాపురంలోని మందుల కర్మాగారంలో ద్రావణి ఆవిరి పేలి 17 మంది చనిపోయారు. భద్రత యాజమాన్యాల బాధ్యత, అందులో రాజీ లేదు. కానీ షిఫ్టులో నిలబడే మన పిల్లలకు ఎదురుగా ఉన్న ప్రమాదాన్ని గుర్తుపట్టే చదువు ఇవ్వడం ప్రభుత్వాల బాధ్యత.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ప్రపంచానికి మందులిచ్చారు. ప్రభుత్వ రంగ మందుల సంస్థ ఐడీపీఎల్‌లో పనిచేసిన కల్లం అంజిరెడ్డి సొంతంగా మందుల కంపెనీ స్థాపించారు. బల్క్ డ్రగ్స్‌కు పేరుపడిన హైదరాబాద్ చుట్టుపక్కల చదివే పిల్లలకే ఆ విద్య అందకపోవడం అన్యాయం. రెండు తెలుగు రాష్ట్రాల ఇంటర్ బోర్డులూ వచ్చే సిలబస్‌లోనే ఒక మందు కథను పూర్తి పాఠంగా చేర్చాలి. అనుభవమున్న ప్లాంటు కెమిస్టులను తరగతికి పిలవాలి. పరీక్షలో ఒక్క ప్రశ్నయినా దారి కనిపెట్టమని అడగాలి. ఆ ప్రశ్న వస్తేనే ఆ పాఠం చెబుతారు.