ఉప్పు మూట

నెల్లూరు జిల్లా ఇసకపల్లి ఉప్పుమడుల్లో పనిచేసే ఒకామె ఇంట్లో పొద్దుగూకితే మూకుట్లో రాళ్లుప్పు చిటపటలాడుతుంది. పాత చీర పేలికలో మూటగట్టి, అరచేతి మీద వేడి చూసుకుని, నడుముకు అద్దుకుంటుంది. నడుం విరిచేదీ ఉప్పే, కాపడానికీ ఉప్పే!

ఈ సంచిక నొప్పి గురించి. మూడు నెలలు దాటినా వదలని నొప్పికి ఊళ్లో తేలిగ్గా దొరికేది సూది, లేదంటే గోళీ. ఏళ్ల తరబడి మింగితే కడుపులో పుండ్లు, కిడ్నీలకు చేటు. దీర్ఘకాలిక నడుంనొప్పికి వ్యాయామం, మర్దన, నొప్పి గురించి అవగాహన వంటివి మేలని 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. నిజమే. కానీ పొద్దస్తమానం వంగి ఉప్పు లాగిన మనిషితో ‘వ్యాయామం చెయ్యమ్మా’ అనడానికి నాకు నోరు రాలేదు. ఆమెకు ముందు కావలసింది ఉప్పు లాగే పలకకు ఇంకాస్త పొడుగు కర్ర, మధ్యాహ్నం కాసింత నీడ.

కాపడానికి లొంగని నొప్పులూ ఉన్నాయి. 1937లో ఇండియన్ మెడికల్ గెజిట్ ఇదే జిల్లాలో వెన్ను కొయ్యబారిన మనుషుల గురించి రాసింది. కారణం తాగేనీటిలోని ఫ్లోరైడు. అక్కడ మార్చాల్సింది మందు కాదు, బావి.

అన్నట్టు, షుగరుతో కాళ్లు తిమ్మిరెక్కినవాళ్లు ఉప్పు మూట జోలికి పోకండి. కాలినా తెలీదు.