గ్రహణం విడిచింది, మైల విడవలేదు

2019 డిసెంబరు 26 ఉదయం నేను అరకులోయలో ఉన్నాను. కేరళ, తమిళనాడుల మీదుగా వలయాకారంలో సాగిన సూర్యగ్రహణం మన కొండల్లో పాక్షికంగానే కనిపించింది. ఎనిమిది దాటాక, మంచు తెరలు విడుతుండగా, వెలుగు పలచబడసాగింది. కాఫీ తోటలో సిల్వర్ ఓక్ ఆకుల సందుల్లోంచి నేల మీద పడే గుండ్రటి ఎండచుక్కలు క్రమంగా నెలవంకలయ్యాయి. ప్రతి ఆకుసందూ ఒక సూదిబెజ్జమై సూర్యబింబాన్ని నేల మీద గీస్తోంది. ఆ నెలవంకల మధ్యనే మహిళలు కాఫీ పళ్లు కోస్తున్నారు. వారిలో ఒకామె నిండు గర్భిణి. పనికి రాకపోతే ఆ రోజు కూలి లేదు గనుక వచ్చింది.

అక్కడికి కొద్ది దూరంలోని ఒక ఆశ్రమ పాఠశాలకు వెళ్లాను. పిల్లలను గదుల్లో కూర్చోబెట్టి కిటికీలు మూశారు. గ్రహణం విడిచేదాకా పొయ్యి వెలిగించరాదని నిర్ణయించడంతో పదకొండు దాటినా వారికి అల్పాహారం అందలేదు. ఎందుకని అడిగితే అక్కడి బాధ్యుడు చెప్పిన జవాబు ఇది: "వీళ్లకు మూఢనమ్మకాలు ఎక్కువండీ, భయపడతారు." పిల్లల ముఖాల్లో నాకు ఆకలి కనిపించింది గాని భయం కనిపించలేదు. వారి తల్లులు బయట పనిలోనే ఉన్నారు. భయం మైదానం నుంచి కొండెక్కింది, నింద మాత్రం కొండవాసుల మీద పడింది.

అదే రోజు తిరుమల సహా అనేక ఆలయాల తలుపులు మూసుకున్నాయి. గ్రహణం విడిచాక సంప్రోక్షణలు జరిగాయి. దానిని మనం సంప్రదాయం అంటాం. అదే పని ఆదివాసీ చేస్తే వెనుకబాటుతనం అంటాం. ఒకే నమ్మకానికి రెండు పేర్లు పెట్టగల అధికారం ఎవరిదన్నదే కుల ప్రశ్న.

గ్రహణం చుట్టూ అల్లుకున్న మాటలను గమనించండి: మైల, అంటు, స్నానం, శుద్ధి. ఇవి ఖగోళశాస్త్రపు మాటలు కావు, అంటరానితనపు మాటలు. రాహువు కథే తీసుకుందాం. పాలకడలి చిలికేటప్పుడు అసురుల శ్రమ కావాలి. అమృతం పంచేటప్పుడు వారు పనికిరారు. దేవతల పంక్తిలో కూర్చున్న ఒక్కడిని సూర్యచంద్రులు పట్టిచ్చారు, అతని తల తెగింది. పంక్తిలో చోటు అడిగినందుకు శిక్ష పడ్డవాడి పగగా గ్రహణాన్ని చెప్పుకున్న సమాజం మనది. మహారాష్ట్రలో మాంగులు, మహర్లు గ్రహణవేళ దానమిస్తే గ్రహణం విడుస్తుందని కేకలు వేస్తూ వీధుల్లో తిరిగేవారు. వారిని రాహువు పక్షంవారిగా చూశారు. ఆకాశంలో నీడ పడితే ఆ అశుభాన్ని మోయవలసినది నేల మీది అంటరానివారే.

మధ్యభారతపు ఆదివాసుల్లో మానవశాస్త్రజ్ఞులు నమోదు చేసిన కథల దారి వేరు. వాటిలో సూర్యచంద్రులు అప్పుకు హామీగా నిలబడతారు. అప్పు తీరదు, అప్పులవాడు వచ్చి పట్టుకుంటాడు. అదే గ్రహణం. కొన్ని కథల్లో ఆ అప్పులవాడిని అంటరానివాడిగానే చూపారు. కులం నీడ అక్కడికీ చేరిందని ఒప్పుకోవాలి. అయినా ఆ కథల కేంద్రం మైల కాదు, రుణం. షావుకారి వడ్డీ తెలిసిన జనం చెప్పగలిగిన కథ అది. మన్యంలో ఆ వడ్డీ ఎంత నిజమో 1917 నాటి ఏజెన్సీ వడ్డీ, భూ బదలాయింపు చట్టమే సాక్ష్యం. 1/70 చట్టం దాకా సాగింది ఆ చరిత్ర కొనసాగింపే.

కథలు కథలుగా ఉండాలి, విజ్ఞానం విజ్ఞానంగా అందాలి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడటానికి ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరు వచ్చాడు. ఆనాటి వర్ణపట పరిశీలనలే హీలియం ఆవిష్కరణకు దారితీశాయి. 1980 ఫిబ్రవరి 16న హైదరాబాద్ సమీపంలోని జపాల్-రంగాపూర్ వేధశాల సంపూర్ణ గ్రహణ పరిశీలనకు కేంద్రమైంది. తెలుగునేల మీద ఇంత జరిగినా అరకు పిల్లవాడికి దక్కింది మూసిన కిటికీ.

సూర్యుడిని నేరుగా చూడటం కంటికి ప్రమాదం, అందులో సందేహం లేదు. అందుకు విరుగుడు తగిన సౌర వడపోత అద్దాలు, లేదా అట్టకు చేసిన చిన్న రంధ్రం. ఖర్చు స్వల్పం. కావలసినది కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లలకు వారి భాషలో వివరించే ఉపాధ్యాయుడు. షెడ్యూల్డ్ ప్రాంతాల ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించిన 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టివేసింది. వంద శాతం రిజర్వేషన్ చెల్లదన్న తీర్పు తర్వాతా తరగతి గదిలో భాష ప్రశ్న అలాగే ఉంది. దానికి చట్టబద్ధమైన జవాబు వెతకవలసిన బాధ్యత ప్రభుత్వానిదే.

2031 మే 21న దక్షిణ భారతం మీదుగా మరో వలయాకార గ్రహణం సాగుతుంది. ఆనాడు మన్యంలోని ప్రతి ఆశ్రమ పాఠశాల ఆవరణలో పిల్లలు వేళకు తిని, అట్టముక్కలు పట్టుకుని నిలబడాలి. శాస్త్రీయ దృక్పథాన్ని పౌరుల విధిగా చెప్పిన రాజ్యాంగం మనది. ఆ విధి గర్భిణితో కాఫీ పళ్లు కోయించే యజమానికీ, పిల్లల పొయ్యి ఆర్పించే అధికారికీ కూడా వర్తిస్తుంది. చంద్రుడి నీడ మూడు గంటల్లో తొలగిపోతుంది. మనుషుల మీద మనం వేసిన నీడను మనమే తొలగించాలి.