పేరు జారిపోయినా చప్పుడు కాదు
(లిస్టుల పాఠం మీద ఒక అభిప్రాయం)

మన హాస్టల్లో లిస్టు లేకుండా ఏ పనీ జరగదు. పొద్దున అసెంబ్లీకి హాజరు లిస్టు. ఈ పూట ఎంతమంది తింటారో మెస్ లిస్టు. దుప్పట్ల లిస్టు, నోటుబుక్కుల లిస్టు, జ్వరంతో పడుకున్నవాళ్ల లిస్టు, పండక్కి ఊరెళ్లినవాళ్ల లిస్టు. లిస్టులో పేరుంటే దుప్పటి ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. కాబట్టి లిస్టంటే ఏమిటో మనకి కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. దాని విలువ మనకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు కూడా.

అలాంటి మనమే 11వ తరగతి కంప్యూటర్ సైన్స్‌లో, పైథాన్‌లో లిస్టుల పాఠం రాగానే బెదిరిపోతున్నాం. తెర మీద ఎర్ర అక్షరాలు కనిపిస్తే చాలు, "ఇది మనవల్ల అయ్యే పని కాదురా" అని లేచి వస్తున్నాం. నా అభిప్రాయం ఏమిటంటే, మనం భయపడాల్సినదానికి భయపడటం లేదు, భయపడక్కర్లేనిదానికి భయపడుతున్నాం.

తప్పులు రెండు రకాలు. ఒకటి అరిచే తప్పు. రెండోది అరవని తప్పు. అరిచే తప్పు కుక్కలాంటిది, మొరిగి మనల్ని లేపుతుంది. అరవని తప్పు చెదలాంటిది. ట్రంకుపెట్టె కింద చేరి పుస్తకాలన్నీ తినేసేదాకా తెలియదు. కొత్తగా లిస్టులు నేర్చుకునేవాళ్లు చేసే తప్పుల్లో ఏది ఏ రకమో వరసగా చెప్తాను. గోడ మీద కాబట్టి ఆజ్ఞలన్నీ మన అక్షరాల్లోనే రాస్తున్నాను. కంప్యూటర్లో అయితే ఆజ్ఞలు ఇంగ్లీషులో కొట్టాలి. లిస్టుకి మనం పెట్టుకునే పేరు మాత్రం తెలుగులోనే పెట్టుకోవచ్చు. 2008లో వచ్చిన పైథాన్ 3 నుంచి ఆ వీలు ఉంది.

1. సున్నా దగ్గర తడబాటు

మొత్తం = [11, 12, 13, 14, 15]

ఇవి అయిదు రోల్ నంబర్లు. మొదటిది కావాలంటే మొత్తం[0] అనాలి. మొత్తం[5] అంటే ఎర్ర అక్షరాలు వస్తాయి. "అయిదుగురు ఉన్నారు కదా, అయిదోవాడు ఎందుకు లేడు?" అని మనవాళ్ల కోపం.

మెస్ దగ్గర లైను గుర్తు తెచ్చుకోండి. "నీ ముందు ఎంతమంది ఉన్నారు?" అని అడిగితే మొదటివాడు ఏం చెప్తాడు? ఎవరూ లేరు, సున్నా. అయిదోవాడి ముందు నలుగురు. ఇండెక్స్ అంటే ఆ జవాబే, వాడి నంబరు కాదు. అందుకే చివరివాడి ఇండెక్స్ ఎప్పుడూ మొత్తం సంఖ్య కన్నా ఒకటి తక్కువ. అన్ని భాషలూ ఇలా లెక్కపెట్టవు. ఫోర్ట్రాన్‌లో మామూలుగా ఒకటి నుంచే మొదలు. సున్నా నుంచి లెక్కపెట్టడమే ఎందుకు మేలో డైక్‌స్ట్రా అనే డచ్చి శాస్త్రవేత్త 1982లో ఒక చిన్న వ్యాసమే రాశాడు.

ఇది అరిచే తప్పు. కాబట్టి పరవాలేదు, దిద్దుకుంటాం. కానీ దీనికి ఒక అరవని తమ్ముడున్నాడు. పైథాన్‌లో మొత్తం[-1] అంటే తప్పు కాదు, చివరి అంశం అని అర్థం. వారం రోజుల బియ్యం లెక్క ఒక లిస్టులో ఉంది అనుకుందాం, సోమవారం నుంచి ఆదివారం దాకా. ప్రతిరోజూ ముందురోజు కన్నా ఎంత ఎక్కువ వండారో చూడాలి. ఇండెక్స్‌లోంచి ఒకటి తీసేస్తే ముందురోజు వస్తుంది. మరి సోమవారం ఇండెక్స్ సున్నా. అందులోంచి ఒకటి తీస్తే మైనస్ ఒకటి. అంటే వారం చివరి ఆదివారం! సోమవారం బియ్యంలోంచి ఇంకా రాని ఆదివారం బియ్యం తీసేసి, కంప్యూటర్ చక్కగా జవాబు చెప్తుంది. ఒక్క ఎర్ర అక్షరం రాదు. ఇలాంటి చోట లెక్క రెండో రోజు నుంచి, అంటే ఇండెక్స్ 1 నుంచి మొదలుపెట్టాలి.

2. నడుస్తూ తీసేయడం

ఇది కొత్తవాళ్లు తరచుగా చేసేది. పైన రాసిన అయిదుగురిలో 12, 13 ఊరెళ్లారు. లిస్టు మీద ఫర్ లూప్ తిప్పుతూ, ఊరెళ్లినవాడు కనిపించగానే రిమూవ్ చేద్దాం అనుకుంటాం. చూడ్డానికి ఎంతో సబబుగా ఉంటుంది. జరిగేది ఇది:

మొదటి గడిలో 11. ఉన్నాడు, ముందుకి.
రెండో గడిలో 12. ఊరెళ్లాడు, తీసేశాం. ఇప్పుడు లిస్టు [11, 13, 14, 15].
లూప్ మూడో గడికి వెళ్తుంది. అక్కడ ఉన్నది 14!

13 ఎక్కడికి పోయాడు? 12 పోగానే వెనకవాళ్లంతా ఒక్కో అడుగు ముందుకి జరిగారు. 13 రెండో గడిలోకి వచ్చాడు. లూప్ అప్పటికే ఆ గడి దాటేసింది. వాణ్ణి ఎవరూ చూడలేదు. ఊళ్లో ఉన్నవాడికి ఇక్కడ కంచం పెట్టారు.

ఇందులో ఇంకో మోసం ఉంది. ఊరెళ్లినవాళ్లు 12, 14 అయితే ఇదే ప్రోగ్రాం సరైన జవాబే ఇస్తుంది. తీసేయాల్సినవాళ్లు పక్కపక్కన ఉన్నప్పుడే బయటపడుతుంది. అందుకే "నేను వేసి చూశాను, వచ్చింది" అన్న మాట నమ్మడానికి లేదు. సరైన పద్ధతి తేలిక. తీసేయడం మానేసి, ఉన్నవాళ్లను కొత్త లిస్టులోకి ఎత్తి రాసుకోవాలి. మన వార్డెన్ సార్లు చేసేదీ అదే కదా! పాత కాగితం మీద కొట్టివేతలు ఎక్కువైతే శుభ్రంగా ఇంకో కాగితం తీస్తారు.

రిమూవ్‌తో ఇంకో చిక్కు. అది మొదట కనిపించినదాన్ని ఒక్కదాన్నే తీస్తుంది. ఒకే పేరుగలవాళ్లు ఇద్దరుంటే, ఊరెళ్లింది రెండోవాడైనా మొదటివాడి పేరే పోతుంది. లిస్టులో పేర్లు కాకుండా రోల్ నంబర్లు పెట్టమనేది ఇందుకే.

3. రెండు పేర్లు, ఒకే పిల్లవాడు

అన్నిటికన్నా ప్రమాదం ఇది. పెద్ద లిస్టు చెడిపోకూడదని, మెస్ కోసం వేరే లిస్టు తీసుకుందాం అని ఇలా రాస్తాం:

మెస్ = మొత్తం
మెస్.రిమూవ్(12)

తర్వాత మొత్తం ఎంతో చూస్తే [11, 13, 14, 15]. మెస్‌లోంచి తీస్తే అసలు రిజిస్టర్‌లోంచే పోయింది!

మనలో చాలామందికి ఇంట్లో పిలిచే పేరు ఒకటి, బడి రిజిస్టర్లో పేరు ఒకటి. రెండు పేర్లున్నాయని పిల్లవాడు ఇద్దరవుతాడా? ఇంటి పేరుతో పిలిచి అన్నం పెడితే రిజిస్టర్ పేరుగలవాడి కడుపే నిండుతుంది. పైథాన్‌లో సమానం గుర్తు లిస్టును నకలు తీయదు, అదే లిస్టుకి ఇంకో పేరు పెడుతుంది. నకలు కావాలంటే మొత్తం.కాపీ() అని అడగాలి, లేదా మొత్తం[:] అని రాయాలి. లిస్టు లోపల లిస్టులుంటే, అంటే ఒక్కో గదికి ఒక్కో లిస్టు ఉంటే, ఈ నకలు కూడా చాలదు. పై అట్ట మారుతుంది, లోపలి కాగితాలు పాతవే ఉంటాయి. అప్పుడు డీప్‌కాపీ వాడాలి.

దీని చుట్టమే ఇంకొకటి. మూడు గదులకి మూడు రోజుల హాజరు పట్టిక కావాలని [[0] * 3] * 3 అని రాస్తాం. తెర మీద మూడు వరసలూ ముద్దుగా కనిపిస్తాయి. మొదటి గదికి ఒక రోజు 1 వేస్తే మూడు గదులకీ 1 పడుతుంది. ఉన్నది ఒకే వరస, దాన్ని మూడుసార్లు చూపించింది. ప్రతి గదికీ లూప్‌లో కొత్త వరస తయారుచేయాలి.

4. చేతికి ఏమొచ్చింది?

మొత్తం = మొత్తం.సార్ట్() అని రాసి, లిస్టు మాయమైందని తల పట్టుకునేవాళ్లున్నారు. పీడీ సార్ మనల్ని ఎత్తు ప్రకారం నిలబెడతారు. నిలబెట్టాక ఆయన చేతిలో ఏముంటుంది? ఏమీ ఉండదు. లైను ఉన్నచోటే సర్దుకుంది. సార్ట్ కూడా అంతే. ఉన్నచోటే సర్ది, చేతికి నన్ ఇస్తుంది, అంటే ఏమీ లేదని. ఆ 'ఏమీ లేదు'ను తీసుకొచ్చి లిస్టు పేరు మీద పెడితే మన లిస్టు పోయినట్టే. మొత్తం.సార్ట్() అని ఊరికే రాస్తే చాలు. కొత్త లిస్టే కావాలంటే సార్టెడ్ వాడాలి.

ఇంకొకటి. కీబోర్డు నుంచి తీసుకున్న నంబర్లు అంకెలు కావు, మాటలు. వాటిని సార్ట్ చేస్తే "10", "2", "9" అనే వరస వస్తుంది. నిఘంటువులో లాగా మొదటి అక్షరం చూసి సర్దుతుంది కాబట్టి పది ముందుకొస్తుంది. ముందు వాటిని అంకెలుగా మార్చుకోవాలి.

5. సంచిలో సంచి

కొత్తగా 16, 17 చేరారు. అపెండ్([16, 17]) అంటే ఇద్దరినీ ఒకే సంచిలో కట్టి లిస్టులో పెట్టినట్టు. ఏడుగురు ఉండాల్సినచోట ఆరు అని లెక్క వస్తుంది. ఎక్స్‌టెండ్ వాడితే విడివిడిగా చేరతారు. అలాగని ఒక్క పేరును ఎక్స్‌టెండ్ చేస్తే ఇంకో తమాషా. "సీత" అన్న పేరు స, గుడి దీర్ఘం, త అని మూడు ముక్కలై మూడు గడుల్లో కూర్చుంటుంది. రెండక్షరాల పేరుకి మూడు దుప్పట్లు!

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

పైన చెప్పినవాటిలో అరిచేవి ఎన్ని? మొత్తం[5] ఒక్కటే వెంటనే అరుస్తుంది. సార్ట్ తప్పు కాసేపాగి, లిస్టు వాడబోయినప్పుడు అరుస్తుంది. మిగతావన్నీ నోరు మెదపవు. జవాబు మాత్రం తప్పు. ఈ లిస్టులు రేపు ఎక్కడుంటాయి? రేషన్ కార్డులు, స్కాలర్‌షిప్పులు, ఉపాధి పని కూలి, పింఛన్లు... ఇవన్నీ ఇప్పటికే కంప్యూటర్ లిస్టుల్లోకి వెళ్లాయి. అలాంటి లిస్టు నుంచి ఒక ముసలమ్మ పేరు జారిపోతే కంప్యూటర్ చప్పుడు చేయదు. "లిస్టులో నీ పేరు లేదు" అని కిటికీ అవతలి మనిషి చెప్తాడు, అంతే. ఆమె కొండ దిగి, బస్సెక్కి మళ్లీ మళ్లీ రావాలి. తప్పు ఎవరిదో ఆమెకి ఎప్పటికీ తెలియదు. అందుకే ఇది మార్కులతో అయిపోయే పాఠం కాదంటున్నాను.

కొందరు మిత్రులు అంటున్నారు: "పరీక్షలో ప్రోగ్రాం ఉన్నదున్నట్టు రాస్తే మార్కులు వస్తాయి, ఇదంతా ఎందుకు?" ఇంకొందరు అంటున్నారు: "ఇప్పుడు ఏఐని అడిగితే అదే రాసిపెడుతుంది." అడగండి, నేను వద్దనను. కానీ అది రాసింది సరో కాదో చూసేది ఎవరు? వంట ఇంకొకరు చేసినా ఉప్పు సరిపోయిందో లేదో చెప్పాల్సింది నాలుకే. లిస్టులో 13 ఎందుకు మిగిలాడో చెప్పలేనివాడు, ఎవరు రాసిన ప్రోగ్రామునైనా ఎలా పరీక్షిస్తాడు? ఇక బట్టీ సంగతి. బట్టీ పట్టినవాడికి 12, 13 పక్కపక్కన వచ్చిన రోజున ఏం చేయాలో తోచదు.

మరి ఏం చేయాలి? నాకు తోచినవి చెప్తున్నాను.

ఒకటి, కంప్యూటర్ ముందు కూర్చునే ముందు కాగితం. గడులు గీసి, ఒక్కో అడుగుకి లిస్టు ఎలా మారుతుందో పెన్సిల్‌తో రాయాలి. దీనికి కరెంటు అక్కర్లేదు, ల్యాబ్‌లో మన వంతు వచ్చేదాకా ఆగక్కర్లేదు. స్టడీ అవర్ చాలు.

రెండు, మార్చకముందు ఎంతమంది, మార్చాక ఎంతమంది అని లెన్‌తో లెక్క చూడాలి. ఔటింగ్ నుంచి వచ్చాక సార్లు తలలు లెక్కపెట్టకుండా గేటు వేయరు కదా!

మూడు, ప్రతి ప్రోగ్రామునీ మూడు లిస్టులతో పరీక్షించాలి. ఖాళీ లిస్టు, ఒక్కటే ఉన్న లిస్టు, తీసేయాల్సినవి పక్కపక్కన ఉన్న లిస్టు. చాలా తప్పులు ఇక్కడే దొరికిపోతాయి.

చివరగా సార్లకీ, వార్డెన్ గారికీ ఒక మనవి. ల్యాబ్ రికార్డులో ఇప్పుడు సరైన ప్రోగ్రాం, సరైన జవాబు మాత్రమే రాయిస్తున్నారు. అందరి రికార్డులూ ఒకేలా ఉంటున్నాయి. వాటితోపాటు "ఏ తప్పు వచ్చింది, ఎలా పట్టుకున్నాను" అని ఒక పేజీ రాయించండి, దానికీ మార్కులు వేయండి. ఎర్ర అక్షరాలు వచ్చినవాణ్ణి నలుగురిలో కోప్పడకండి. కోప్పడితే వాడు తప్పు మానడు, దాచడం నేర్చుకుంటాడు. దాచిన తప్పే కదా అరవని తప్పు!

వీలైతే ఈ గోడ పత్రికలోనే ఒక మూల వదలండి. వారానికి ఒక తప్పు అక్కడ అంటిద్దాం. చేసినవాళ్ల పేరు వద్దు, తప్పు చాలు. చదివి ఎవరు ముందు పట్టుకుంటారో చూద్దాం.

ఆలోచించండి మిత్రులారా! పేరు రాసేవాళ్లకి అది ఒక గడి. పేరున్నవాళ్లకి అది ఒక పూట అన్నం.